సంచి ఎప్పుడూ ఒకే చోట వదిలేది

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన ఆడపిల్లలు నా దగ్గర కూర్చుని, "అవ్వా, నీకు భయం పుట్టించిన రోగి ఎవరైనా ఉన్నారా?" అని అడుగుతుంటారు. చచ్చిపోయినవాళ్ళ గురించి చెబుతానని వాళ్ళ ఆశ. చచ్చినవాళ్ళను చూసి నేనెప్పుడూ భయపడలేదు. వాళ్ళ కళ్ళు మూశాను, గడ్డానికి గుడ్డ కట్టాను, చేతులు కడుక్కుని వచ్చి సద్దిముద్ద తిన్నాను. నాకు వెన్నులో చలి పుట్టించింది బతికిన మనిషి. ఆమె సంగతే ఇది. నాకు చదువు లేదు, సంతకం మాత్రం గీస్తాను. కాబట్టి చెప్పేది నేను, రాసేది ఇంకొకరు.

ఎనభైల్లో మాట. తమిళనాడు ధర్మపురిలో బస్టాండు వెనక సందులో ఒక చిన్న ఆసుపత్రి ఉండేది. ఇప్పుడు లేదు, అక్కడ జవుళి కొట్టు వచ్చింది. మా ఆయన బండల క్వారీలో పోయిన తర్వాత నేనక్కడ ఆయాగా చేరాను. ఆపరేషన్లు చేసే డాక్టరు ఒకాయన, తమిళాయన. నర్సమ్మ కేరళ మనిషి. ఆమె తమిళం నీళ్ళలో మునిగి తేలినట్టుండేది, అయినా నా చెవికి అంతా మన మాటగానే గుర్తుంది. ఆడవాళ్ళ వార్డులో మా తెలుగువాళ్ళు వస్తే మాట కలపడానికి నన్నే పిలిచేవాళ్ళు.

నేను చెప్పే ఆ అమ్మాయి పెరియంపట్టి పక్క నుంచి వచ్చింది, వ్యవసాయం చేసుకునే తెలుగువాళ్ళు. జ్వరం ముదిరి పేగుకు చిల్లు పడింది. డాక్టరు పొట్ట కోసి, కడిగి, పేగును కుడి పక్కన బయటికి తెచ్చి చర్మానికి కుట్టాడు. దాన్ని ఆయన స్టోమా అనేవాడు, మేము పేగు నోరు అనేవాళ్ళం. ఎర్రగా, తడిగా, గులాబీ మొగ్గలా ఉంటుంది. ముట్టుకుంటే నొప్పి తెలియదు. కానీ అది ఊరుకోదు. కదులుతుంది, ముడుచుకుంటుంది, ఒక్కోసారి చప్పుడు చేస్తుంది. అది ఎప్పటికీ ఉండేది కాదు. ఒంట్లో బలం వచ్చాక పేగును లోపలికి పెట్టి మూసేస్తానని డాక్టరు చెప్పాడు. ఒకే ఒక్క షరతు. దాని చుట్టూ చర్మం బాగుండాలి. పుండు పడిన చర్మం మీద ఆయన కత్తి పెట్టడు.

ఇక్కడ పని సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది మీకు అర్థం కాదు. చిన్నపేగు నుంచి వచ్చేది నీళ్ళలా ఉంటుంది. అది అన్నాన్ని అరిగించే నీరు కదా, బయట చర్మం మీద పడితే చర్మాన్నీ అలాగే తింటుంది. అందుకని సంచి. బెంగుళూరు నుంచి తెప్పించేవాడు డాక్టరు. సంచికి వెనక అరచేతి వెడల్పున అంటుకునే రేకు ఉంటుంది. తేనెమైనం రంగు, వేలితో నొక్కితే గుంట పడేంత మెత్తన. దాని నడుమ పేగు నోటి కొలతకు సరిగ్గా గుండ్రంగా కత్తిరించాలి. కొలత పెద్దదైతే పక్క చర్మం బయటపడి కాలుతుంది, చిన్నదైతే పేగును కోస్తుంది. కొత్త నోరు మొదట్లో వాచి ఉంటుంది, పోనుపోను చిన్నదవుతుంది, కాబట్టి మార్చినప్పుడల్లా మళ్ళీ కొలవాలి. చర్మాన్ని ఉత్త నీళ్ళతో కడిగి, పొడిగా ఆరనివ్వాలి. నూనె తగలకూడదు, పౌడరు తగలకూడదు. అంటించాక అరచేయి ఆనించి కాసేపు అలాగే పట్టుకోవాలి, ఒంటి వేడికి రేకు కరుచుకుంటుంది. సంచి సగం కాకముందే కింద క్లిప్పు విప్పి ఖాళీ చేయాలి, బరువెక్కితే రేకును పీకుతుంది. నర్సమ్మ నాకు నేర్పింది ఇంతే, నేను మీకు చెప్పేదీ ఇంతే.

ఇవన్నీ చేశాము. సంచి నిలవలేదు. ఉదయం అంటిస్తే మధ్యాహ్నానికి వదిలేది. వదిలితే ఎటో ఒకవైపు వదలాలి కదా? ఎప్పుడూ ఒకే చోట, కింద కుడి మూల నుంచి. అక్కడ చర్మం మీద రూపాయి బిళ్ళంత పుండు పడింది, గుండ్రంగా. కారింది ఎక్కడైనా అడ్డదిడ్డంగా పారుతుంది, మరకలా కాలుతుంది. ఇది గీసినట్టు గుండ్రంగా కాలింది.

నర్సమ్మకు పట్టుదల వచ్చింది. కొలత మార్చింది, ఆమెను పడుకోబెట్టి అంటించింది, కూర్చోబెట్టి అంటించింది, పేగు నెమ్మదిగా ఉంటుందని పొద్దున ఏమీ తినకముందే అంటించింది. నడుముకు పట్టీ కట్టింది. ఏం చేసినా అదే మూల. ఒకరోజు రేకు పీకి చేతిలో పట్టుకుని, "ఎవరో బొటనవేలు పెట్టి లేపినట్టుంది" అంది. ఆ మాట అన్నాక ఆమెకే ఏదోలా అయింది, గబగబా చేతులు కడుక్కుంది.

ఆ అమ్మాయి తీరూ వేరుగా ఉండేది. కంచం ముందు పెడితే మొదటి ముద్ద తీసి పక్కన పెట్టేది. కాఫీ ఇస్తే గ్లాసు మంచం ఆ పక్కకి ఒకసారి చాచి, తర్వాత తను తాగేది. మంచానికి ఒక అంచున ఒదిగి పడుకునేది, మిగతా మంచమంతా ఖాళీ. "నడుమకు జరుగు తల్లీ, పడిపోతావు" అంటే, "సరిపోతాదిలే అక్కా, ఇద్దరికీ చోటుంది" అంది. నిద్రమత్తులో అందనుకున్నాను.

మిట్టమధ్యాహ్నం మా వార్డు ఎలా ఉండేదో చెప్పనా? పైన రేకులు. ఎండకు అవి టప్పుటప్పుమని విచ్చుకునే చప్పుడు. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయి, ఉన్నవాళ్ళు కునుకు తీస్తూ, బయట బస్సుల కూతలు కూడా దూరమైపోయే వేళ. ఆ వేళకు ఆమె పేగు నోరు మాట్లాడేది. గాలి పోవడమే, నాకు తెలియదా. కానీ అది బుర్రుమన్నప్పుడల్లా ఆ అమ్మాయి కళ్ళు మూసుకునే, "ఊఁ" అనేది. మళ్ళీ చప్పుడు. "ఊఁ, సరే." ఎవరో చెబుతుంటే వింటున్నట్టు.

పక్క మంచంలో కాలు విరిగిన ముసలమ్మ ఒకతె ఉండేది, ఇండూరు మనిషి, నోరు పెద్దది. ఒకరోజు నన్ను దగ్గరకు పిలిచింది.

"ఏమ్మే ఆయా, ఆ మంచంలో ఎంతమంది రోగులు?"

"ఒక్కరేగదా అత్తా."

"నీ కండ్లకి కూడా మందు ఏయించుకో. ఒకరు పండుకోని ఉండారు, ఒకరు కూచోని ఉండారు. కూచునిండేదానికి అన్నం ఏల పెట్టరు మీరు?"

"అత్తా, నీకు కాలు గదా విరిగింది, తల గాదే!"

"నవ్వు, నవ్వు. రేపు నా మంచం వాకిలి పక్కకి మార్పించు, అంతే చాలు. నాకు కాలు బాగయ్యేవరకు పరిగెత్తేకి గాదు."

నవ్వాను. కానీ ఆ మంచం వాకిలి పక్కకు జరిపించాను.

అసలు దెబ్బ ఆ మరునాడు తగిలింది. నర్సమ్మ సంచి పీకింది. రేకు వెనక్కి తిప్పి వెలుతురులో పట్టుకుంది. వదిలిన మూలలో, గుండ్రంగా తడిసినచోట, ఆ మెత్తటి రేకులో ఒక ముఖం దిగి ఉంది. రెండు కళ్ళు, ముక్కు, నొసట బొట్టు. గోరంత ముఖం. నేను చూశాను, ఆమె చూసింది. ఆమె శిలువ గుర్తు వేసుకుని, రేకును మడిచి బకెట్లో వేసి, "నువ్వూ నేనూ ఏమీ చూడలేదు" అంది.

అదే రోజు డాక్టరు పుండు చూశాడు. కోపం మనిషి కాదు, అలసిపోయిన మనిషి. "ఇది ఇలాగే లోపలికి తిన్నదంటే నేను మూయలేను. చీము పొట్టలోకి దిగితే మనిషే దక్కదు. ఒంట్లో నీళ్ళన్నీ దీంట్లోనే పోతున్నాయి, చూడండి కళ్ళు ఎలా గుంటలు పడ్డాయో" అన్నాడు. సెలైన్ ఎక్కించమని చెప్పి, తలుపు దగ్గర ఆగి, "ఒక్క సంచి ఒక్క రోజు నిలబెట్టండి. నాకు అది చాలు" అన్నాడు.

మరుసటి ఉదయం మళ్ళీ సంచి. రోగి చేయి అలవాటు పడాలని, అంటించేది తనే అయినా ముందు సంచి రోగి చేతికే ఇవ్వడం మొదటి నుంచీ నర్సమ్మ పద్ధతి. కత్తిరించిన సంచి ఆ అమ్మాయి చేతికిచ్చి, తను ఇంకొకరికి సూది వేయడానికి వెళ్ళింది. నేను చర్మం కడిగి ఆరబెట్టాను. అప్పుడు ఆ అమ్మాయి రోజూ అనే మాటే అంది.

"అక్కా, రవ్వంత అట్ల తిరుగు."

రోజూ తిరిగేదాన్ని. పొట్ట చూపించడానికి సిగ్గనుకునేదాన్ని. ఆరోజూ గోడవైపు తిరిగాను. నా ముందు స్టూలు మీద కడిగిన నీళ్ళ బేసిను ఉంది. నీళ్ళు నెమ్మదించాయి. నీళ్ళలో ఆమె కనిపించింది. చీర కొంగు ముడి విప్పింది. అందులోంచి ఏదో తీసి సంచి రేకు మీద పెట్టి నొక్కింది. తర్వాత రెండు చేతులతో ఎత్తి, తన పక్కన ఖాళీ చోటుకు చూపించింది. "ముందు నువ్వు కట్టుకో" అని గుసగుసగా అంది. ఆ నీళ్ళలో ఆమె పక్కన మంచం అంచు కుంగి ఉండడం కూడా నాకు కనిపించింది, మనిషి కూర్చుంటే కుంగినట్టు. నేను చటుక్కున తిరిగాను. నవారు మంచం, కుంగిందో లేదో ఎవరు చెప్పగలరు? అప్పటికి ఏమీ లేదు.

"ఏమిటే అది?" అన్నాను.

ఆమె పిడికిలి బిగించింది. "నువ్వు చూడగూడదు అక్కా. తప్పుగా తీసుకోవద్దు. నీకు బొట్టు లేదు గదా. ఆమె ముత్తైదువగా పోయింది."

అప్పుడు నాకు తెలిసింది. పిడికిట్లో ఉన్నది సవతి బిళ్ళ. ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. మా వాళ్ళలో మొదటి పెళ్ళాం చచ్చిపోయి మగవాడు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే, రెండో ఆమె మెడలో తాళితో పాటు ఒక చిన్న బంగారు బిళ్ళ కడతారు. దాని మీద ముఖం అచ్చు కొట్టి ఉంటుంది. అది చచ్చిపోయిన ఆమె. కొత్త చీర వచ్చినా, పూలు వచ్చినా ముందు ఆ బిళ్ళకు చూపించి, తర్వాతే ఈమె కట్టుకోవాలి. లేకపోతే ఆమె ఊరుకోదు. ఆపరేషనుకు ముందు నగలన్నీ తీసేశారు, బిళ్ళ కొంగులోకి చేరింది. ఒంటికి అంటించుకునే సంచిని ముందు బిళ్ళకు అంటించింది ఈ అమ్మాయి. పసుపు, కుంకుమ, దీపం నూనె పూసిన బిళ్ళకు. రోజూ. ఒకే మూల.

నర్సమ్మకు చెప్పాను. ఆమె గట్టిగా ఊపిరి వదిలి, "దేవుడా, ఇంతేనా" అంది. నాకు మాత్రం ఇంతేనా అనిపించలేదు. ఆమెకు రేకులో ముఖానికి కారణం దొరికింది, నాకు మంచం కుంగడం మిగిలింది.

బిళ్ళ తీసుకెళ్ళి బీరువాలో పెడదామంది నర్సమ్మ. ఆ అమ్మాయి ఏడవలేదు, అరవలేదు. సెలైన్ సూది పట్టుకుని, "బిళ్ళ ఎత్తుకొని పోతే ఇది పెరుక్కుంటాను" అంది. పెరికేదే. ఆ కళ్ళు నాకు తెలుసు.

"అంత భయమా తల్లీ ఆమెంటే?" అని అడిగాను.

"భయం ఉండింది అక్కా, మొదట్లో. ఇప్పుడు లేదు." పేగు నోరు చిన్నగా చప్పుడు చేసింది, ఆమె దాని మీద చేయి పెట్టుకుంది. "ఆమె కూడా ఇదే జ్వరంతో పోయింది. ఇదే నొప్పి. పొట్ట ఉబ్బి ఉబ్బి, మూడు ఊర్ల మంత్రగాళ్ళు వచ్చినారంట. ఈ ఆసుపత్రికి తెచ్చేవాళ్ళు లేకపోయినారు. నా పొట్ట కోసిన దినం ఆమె వచ్చింది. ఈ నోరు చూసి చూసి ఏడ్చింది. ఇది నాకుండి ఉంటే బతికుందును గదా అనింది. ఆమెకి ముందు పెట్టకుండా నేనెట్ల కట్టుకొనేది, చెప్పు?"

నర్సమ్మ అర్థం చెప్పమంటే, తర్వాత చెబుతానన్నాను.

ఆ అమ్మాయి అత్తను ఊరి నుంచి పిలిపించాము. ఆమె మధ్యాహ్నం బస్సుకు దిగింది. నొసట పావలా బిళ్ళంత కుంకుమ, చేతిలో సంచి, నోట్లో వక్క. వార్డులోకి రాగానే మూతి విరిచింది.

"ఏమి నాత్తమో, ఏమి కంపో! పందుల దొడ్డి మేలు. ఏమే, ఇంకా ఆరలేదా నీ పుండు? ఆడ ఆవు ఈనింది, పాలు పిండేకి మనిషి లేదు. నువ్వు ఈడ దొరసాని మాదిరి పండుకోని ఉండావు."

"అత్తా..." అని ఈ అమ్మాయి ఏదో అనబోయింది.

"నోరు మూయి. ఒకటి మూసినావంటే రెండోది తెరుస్తాది, కర్మ!"

ముసలమ్మ వాకిలి దగ్గర నుంచి కిసుక్కుమంది. నేను సంగతంతా చెప్పాను. బిళ్ళ, రేకు, పుండు, డాక్టరు చెప్పింది. ఆమె తిడుతుందనుకున్నాను. వక్క నమలడం ఆపేసింది. చచ్చిపోయింది కూడా ఆమె కోడలే కదా.

"పిచ్చిదానా" అంది కోడలితో. "కొత్త చీర అంతా ఆమెకి చుడతామా మనము? అంచు దారం ఒకటి తెంచి పెడతాము. అన్నమంతా పెడతామా? ఒక పిడస. ముందు తుంచిందే ఆమెది, మిగిలింది మనది. నీకు ఎవరూ నేర్పలేదా?" నర్సమ్మ వైపు తిరిగింది. "ఏమ్మా సిస్టరమ్మా, ఆ సంచిలో ముందు కోసి పారేస్తావే, ఆ గుండు ముక్క ఏడుంది?"

మేము రోజూ పారేసే ముక్క! పేగు నోటి కొలతకు రేకు నడుమ కత్తిరిస్తే ఊడివచ్చే గుండ్రటి ముక్క. నర్సమ్మ కొత్త సంచి తెచ్చి, కొలిచి, కత్తిరించింది. ముక్క అత్త చేతిలో పెట్టింది. ఈసారి ఎవరూ చెప్పకుండానే నేను గోడవైపు తిరిగాను. వెనక అత్త గొంతు వినిపించింది, కొట్లాటలో వినే గొంతు కాదు. "ఇదో తల్లీ, ముందు నీకే. తీసుకో. దీన్ని మాత్రం నాకు వదిలిపెట్టు, ఇంక పూడ్చేకి నా ఒంట్లో బలం లేదు."

ఆ ముక్కను బిళ్ళకు అంటించి, కిటికీ గట్టు మీద పెట్టారు. సంచి అమ్మాయి ఒంటికి అంటించారు. నేను అరచేయి ఆనించి పట్టుకున్నాను. చేతి కింద ఆ నోరు కదులుతూనే ఉంది.

సంచి నిలిచింది. మధ్యాహ్నం దాటింది, సాయంత్రం దాటింది. మరునాడు డాక్టరు వచ్చి చూసి నర్సమ్మ భుజం తట్టాడు. సంచి మార్చేటప్పుడు కిటికీలో ముక్క తీసింది నర్సమ్మ. బిళ్ళ నుంచి లేపి చూస్తే, ముక్క కింద తడిగా ఉంది. అంచున ఒక మూల లేచి ఉంది, కింద కుడి మూల. "ఎండకు చెమర్చింది" అంది ఆమె. అయి ఉండొచ్చు. ఆ తర్వాత మార్చిన ప్రతిసారీ కిటికీలో ముక్క వదిలేది, ఒంటి మీద సంచి నిలిచేది. పుండు ముందు తెల్లబడింది, తర్వాత గులాబీ రంగుకు వచ్చింది, తర్వాత మామూలు చర్మమైంది. జరిగేదాన్ని జరగనిచ్చాము.

ఆమె ఇంటికి వెళ్ళి, సంచి తనే మార్చుకుంటూ, ఒళ్ళు చేసి, మామిడికాయల కాలంలో మళ్ళీ వచ్చింది. మూసే ఆపరేషను. థియేటర్లో దీపం పట్టడానికి నన్ను నిలబెట్టారు. మత్తు ఇచ్చే ముందు ఆ అమ్మాయి నా చేయి పట్టుకుంది. అరచేయి చల్లగా ఉంది.

"అక్కా, నాది మూస్తారు. ఆమెది ఎవరు మూస్తారు?"

"ఏమంటోంది?" అని డాక్టరు అడిగాడు. ఈ కథంతా నర్సమ్మ ఆయనకు ఎప్పుడో చెప్పే ఉంటుంది. నేను ఆ మాటను తమిళంలో చెప్పాను. ఆయన నవ్వుతాడేమో, కసురుతాడేమో అని చూశాను. చేతి తొడుగులు సర్దుకుంటూ, "ఇద్దరిదీ మూస్తానని చెప్పు" అన్నాడు. చెప్పాను. ఆమె కళ్ళు మూసుకుంది.

పేగు కలిపాడు, లోపలికి పెట్టాడు, పొరలు పొరలుగా కుట్టాడు. చర్మం మీద చివరి ముడి కూడా వేశాడు. నర్సమ్మ కట్టుకు వాడే గాజుగుడ్డ మడిచి గాయం మీద పరిచింది. అయిపోయిందని నేను దీపం దించబోయాను. "ఆగు" అన్నాడు. సూదిలో ఇంకా కొంచెం దారం ఉంది. ఆ సూదిని గాజుగుడ్డలో గుచ్చాడు. చర్మానికి తగలకుండా, ఉత్త గుడ్డలో ఒక్క కుట్టు. ముడి వేయడానికి లాగాడు. వదులుగా పరిచిన గుడ్డ, లాగితే పైకి లేవాలి. లేవలేదు. ఒంటిని పట్టుకున్నట్టు పట్టి ఉంది. దారం బిగిసింది. ఆయన చేయి ఒక్క క్షణం ఆగడం నేను దీపం వెలుగులో చూశాను. తర్వాత ముడి వేసి, దారం కత్తిరించి, ఏమీ జరగనట్టు, "కత్తెరలు లెక్క చూడండి" అన్నాడు.

సాయంత్రం ఆ అమ్మాయికి తెలివి వచ్చింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి, దూది తడిపి అద్దాను. ముందు పొట్ట తడుముకోలేదు, నన్ను చూసింది.

"ఇద్దరిదీనా అక్కా?"

అలాంటప్పుడు అబద్ధం చెప్పడం మా పనిలో మామూలే. ఆరోజు నాకు ఆ అవసరం పడలేదు.

"ఇద్దరిదీ తల్లీ. నేనే దీపం పట్టినాను."